పొగల రోజు

వల్‌నేరా,
సెప్టెంబరు 9, 2024

తమ్ముడు ఫ్లోరియానోకి,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో మనిద్దరం మూడో మాటకే అరుచుకుంటాం. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు.

సంగతేమిటంటే, నా అద్దె ఇల్లు పోతోంది. ఇంటావిడ మార్తా మొన్న గుమ్మం బయటే నిలబడి చెప్పేసింది. "ఎర్మీనియా, ఏమీ అనుకోకమ్మా. నవంబరులో సాన్ మార్తీనో పండగలోపు ఖాళీ చెయ్యి. ఆటల కోసం వచ్చేవాళ్ళు ఇళ్ళు అడుగుతున్నారు. నీ మీద నాకేం కోపం లేదు," అంది. కోపమున్నా బాగుండేది, బతిమాలి చల్లార్చేదాన్ని. మీ బావ రొక్కో పోయిన దగ్గర్నుంచీ ఆ రెండు గదుల్లోనే ఉన్నాను. గోడల మీద ఏ మేకు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలను.

ఊళ్ళో ఇంకో ఇల్లు దొరకదా అని అడుగుతావేమో. అద్దె ఇల్లు కావాలంటే జనం నవ్వుతున్నారు. కింద కొర్తీనాలో శీతాకాలపు ఒలింపిక్స్‌కి ఇంకా ఏడాదిన్నర ఉంది కదా, పై ఊళ్ళన్నీ ఇప్పుడే నిండిపోయాయి. రోడ్డు తవ్వేవాళ్ళు, కొండెక్కే తీగబండి స్తంభాలు పాతేవాళ్ళు, వాళ్ళకి అన్నం వండేవాళ్ళు. కొత్తగా వచ్చిన పంతులమ్మ శ్మశానం గోడ పక్కన వ్యానులో కాపురముంటోంది. డాక్టరుగారు ఇల్లు దొరక్క బెల్లూనో పట్నం వెళ్ళిపోయారు. మా బడి వంటింట్లో నేను వండే పళ్ళేలు నెలనెలా తగ్గిపోతున్నాయి, పిల్లల్ని తీసుకుని సంసారాలు లోయ కిందికి దిగిపోతున్నాయి.

పైవీధిలో నీ ఇల్లు ఏడాదంతా మూసే ఉంటుంది. కింద గది ఒక్కటి ఇచ్చినా చాలు. పొయ్యి వెలిగించుకుంటాను, కప్పు మీద మంచు తోయిస్తాను, ఎండాకాలం మీరు వస్తే వండి పెడతాను. అక్కని కాబట్టి అడుగుతున్నాను. అడగడం నాకు తేలిక కాలేదని నీకు తెలుసు.

ఎర్మీనియా

*

మేస్త్రే,
సెప్టెంబరు 27, 2024

అక్కకి,

చదివి చాలా బాధపడ్డాను. ఆ మార్తా చిన్నప్పుడూ ఇంతే. బడిలో నా కొత్త టోపీ తీసుకుని, మంచులో పోయిందని ఒట్టు పెట్టింది. ఆదివారం చర్చిలో వాళ్ళ తమ్ముడి నెత్తి మీద కనబడింది.

నీకు ఇల్లివ్వడానికి నాకేం అభ్యంతరం? కానీ ఇప్పుడది మనిషి ఉండేలా లేదక్కా. వంటింటి మీద కప్పు కారుతోంది, నీళ్ళ గొట్టం పగిలింది, ఎలుకలు కూడా చేరాయి. నిన్ను అలాంటి చోట పెట్టి నేనిక్కడ నిద్రపోలేను. వసంతం రానీ, బాగుచేయించి మాట్లాడుకుందాం. ఈ లోపల పొంతేలో సన్యాసినుల మఠంవాళ్ళు ఒంటరి ఆడవాళ్ళకి గదులిస్తారట, ఒకసారి కనుక్కో.

నాకు జనవరిలో రిటైర్మెంటు. ఇన్నాళ్ళు వెనిస్ కాలవల్లో నీటి బస్సు నడిపి నడిపి ఇప్పుడు మంచం కూడా ఊగుతున్నట్టే ఉంటుంది. నీ మరదలు లొరెదానా నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇంకో చిన్న పని. సాన్ మార్తీనో నాడు పొగల రోజుకి ఈసారి నేను రాలేను, సెలవివ్వలేదు. నీ దగ్గర పాత తాళంచెవి ఉంది కదా, పొద్దున్నే వెళ్ళి పొయ్యి వెలిగించు. ఊరి పెద్ద మరీగో పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చేసరికి మన గొట్టంలోంచి పొగ రాకపోతే, అడవిని ఏలే మన ఊరి సంఘం రేగొలాలో ఇంటి పేరు కొట్టేస్తాడు. ఊరి అడవిలో కట్టెల హక్కూ పోతుంది, సమావేశంలో చెయ్యెత్తే హక్కూ పోతుంది. నా తరవాత మా అబ్బాయి దెనిస్‌కీ ఉండదు. మరిచిపోకు.

ఫ్లోరియానో

*

వల్‌నేరా,
అక్టోబరు 14, 2024

తమ్ముడికి,

కారే కప్పు కింద, పగిలిన గొట్టం పక్కన, ఎలుకల మధ్య పొయ్యి ఎలా వెలిగించాలా అని ఆలోచించి, ఒకసారి చూసొద్దామని నిన్న పైకి వెళ్ళాను. మూడు రోజులుగా వాన. వంటింటి కిటికీలోంచి చూస్తే నేల పొడిగా ఉంది. నా తాళంచెవి మాత్రం తిరగలేదు. తాళం కొత్తది.

ఇంకో కిటికీలోంచి చూశాను. మన పెద్ద గదిలో ఇనపమంచాలు, మంచం మీద మంచం. గోడ పొడుగునా బురద బూట్లు. ఎలుకలేవీ కనబడలేదు. తలుపు తీసినవాడు రుమేనియావాడు, పేరు సొరిన్. "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. నన్నలా అడిగింది నేను పుట్టిన ఇంటి గుమ్మంలో. "ఈ ఇల్లు మా తమ్ముడిది," అన్నాను. "అలాగా! మాకు కంపెనీ చూపించింది. మీ తమ్ముడు మంచోడు, పొయ్యి బాగుంది," అన్నాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. పన్నెండుమంది ఉన్నారు, తీగబండి స్తంభాల దగ్గర పని. మర్యాదగల మనుషులు. నీకంటే నయం, నన్ను కూర్చోమన్నారు.

ఇల్లు అద్దెకిచ్చుకున్నావని నాకు కోపం లేదు. ఊరంతా అదే చేస్తోంది. కప్పు కారుతోందని రాశావు చూడు, అది గుచ్చుకుంది. నిజం రాసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మఠం సంగతి కూడా కనుక్కున్నాను. అక్కడ ఇప్పుడు ఆటలవాళ్ళ వంటవాళ్ళున్నారు. సన్యాసినులే ఇరుక్కుని పడుకుంటున్నారట.

పండగ ఇంకెంతో దూరం లేదు. నేనెక్కడికి పోవాలో చెప్పు.

ఎర్మీనియా

*

మేస్త్రే,
అక్టోబరు 25, 2024

అక్కా,

అవును, ఇచ్చాను. ఆటలయ్యేదాకా అద్దె మొత్తం ముందే చేతిలో పెడతామంటే ఎవడు కాదంటాడు? అద్దెకివ్వని ఇల్లు వల్‌నేరాలో ఒకటి చూపించు. మరీగో బార్తొలో తమ్ముడు కూడా ఇచ్చాడు. అబద్ధం రాసింది నిన్ను నొప్పించకూడదని, అంతే.

నువ్వు నన్ను దొంగలా చూస్తున్నావు. నాన్న ఇల్లు నాకిచ్చాడు. నువ్వు కలాబ్రియావాణ్ణి చేసుకుని గడప దాటావు. బావ మంచివాడు, కాదనను, నాకు బండి నడపడం నేర్పింది ఆయనే. కానీ బయటివాణ్ణి చేసుకున్న ఆడపిల్లకి పొయ్యి మీద హక్కు లేదనే నియమం నేను రాసింది కాదు. నేను పుట్టకముందు, మన తాత పుట్టకముందు రాశారు.

ఇవన్నీ తరవాత పోట్లాడుకుందాం. పొగల రోజు మాత్రం పాడుచేయకు. ఆ సొరిన్‌తో మాట్లాడి, పొయ్యి నీ చేత్తో వెలిగించు. బార్తొలో అడిగితే "మా తమ్ముడు వెలిగించమన్నాడు" అను. అద్దెవాళ్ళున్నారన్న మాట ఎత్తకు. ఈ ఒక్కటీ చెయ్యి. ఎక్కడైనా గది దొరుకుతుందేమో ఇక్కడ నేనూ అడుగుతున్నాను.

ఫ్లోరియానో

*

వల్‌నేరా,
నవంబరు 13, 2024

ఫ్లోరియానో,

జరిగింది జరిగినట్టు రాస్తాను. తరవాత ఎవరో ఒకరు నీకు వేరేలా చెబుతారు.

సాన్ మార్తీనో నాడు పొద్దున్న మార్తాకి తాళాలిచ్చేశాను. ఆవిడ ఏడ్చింది. ఏడవాల్సింది నేను కదా, ఆవిడ్ని ఓదార్చాల్సి వచ్చింది. సామాను బడి వెనక పెట్టించి నీ ఇంటికి వెళ్ళాను. సన్నగా వాన. సొరిన్ వాళ్ళకి పని లేదు, అందరూ ఇంట్లోనే ఉన్నారు. నేను వెళ్ళేసరికే పొయ్యి మండిపోతోంది, దాని మీద పొగబెట్టిన మాంసంతో చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. నేను వెలిగించడానికి ఏమీ మిగల్లేదు.

కాసేపటికి బార్తొలో వచ్చాడు, వెనక ఇద్దరు ముసలాళ్ళు, టోపీల మీంచి నీళ్ళు కారుతున్నాయి. పైవీధి అంతా తిరిగొచ్చారట. పొగ రాని గొట్టాలే ఎక్కువ. మన కప్పు చూసి బార్తొలో మొహం విప్పారింది. "హమ్మయ్య, ఇక్కడైనా పొయ్యి ఉంది. ఫ్లోరియానో వచ్చాడా?" అన్నాడు.

ఈలోగా సొరిన్ బయటికొచ్చి, "ఈ తాతలు మా పొగ ఎందుకు చూస్తున్నారు?" అని నన్నడిగాడు. బార్తొలోనే చెప్పాడు, పొయ్యి వెలిగే ఇల్లే ఊరి ఇల్లని, అలాంటి ఇళ్ళవాళ్ళే ఊరి అడవికి యజమానులని. సొరిన్ నవ్వి, "అయితే మా పన్నెండుమందికీ అడవి ఇవ్వండి. రోజూ వెలిగించేది మేమే," అన్నాడు. ముసలాళ్ళు కూడా నవ్వారు. బార్తొలో నవ్వలేదు.

నన్ను పక్కకి పిలిచాడు. "ఎర్మీనియా, నాకు ఇళ్ళు చాలట్లేదు. సగం పొయ్యిలు లేకపోతే రేగొలా సమావేశమే చెల్లదు. నువ్విప్పుడు రొక్కో భార్యవి కాదు, విధవవి. అన్న గానీ తమ్ముడు గానీ ఊళ్ళో లేనప్పుడు, విధవరాలు తిరిగొచ్చి తండ్రి పొయ్యి వెలిగిస్తే ఇంటి పేరు ఆవిడదవుతుంది. అదీ మన నియమమే. ఈ పొయ్యి నేనే వెలిగించానని ఒక్కమాట అను. ఇప్పుడే నీ పేరు రాసేస్తా," అన్నాడు.

ఒక్కమాట. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియదు. అందామనే అనిపించింది, దాచను. కానీ వెనకాల సొరిన్ గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని మొహం మీద అతని పొయ్యి నాదని ఎలా అంటాను? నువ్వు వెలిగించమన్నావని కూడా అనలేకపోయాను. "పొయ్యి వెలిగించింది ఇతను, వీళ్ళిక్కడ అద్దెకున్నారు," అని చెప్పేశాను.

బార్తొలో తిట్టుకున్నాడు, నన్నో నిన్నో తెలియదు. నీకు ఒక్క అవకాశం ఇచ్చాడు. క్రిస్మస్ లోపల నువ్వే వచ్చి ఆ కప్పు కింద ఉండాలి. వచ్చే పొగల రోజు దాకా ఊరు వదలకూడదు. లేకపోతే పేరు కొట్టేస్తాడు.

ఇంకొకటి. రొక్కో పోయినప్పుడు నువ్వు నన్ను ఇంటికి రమ్మనలేదు. ఎందుకో బార్తొలో చెప్పకముందే నాకు తెలుసు. ఆ నియమం నేనూ విన్నదాన్నే. నాకు నీ పేరు అక్కర్లేదురా. నాకు గది కావాలి. రెండూ ఒకే తలుపు వెనక ఉండటం నా తప్పా?

బడి వంటింటి వెనక పిండి బస్తాల గదిలో మడతమంచం వేసుకున్నాను. హెడ్మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. అరవై దాటాక ఇలా అవుతుందనుకోలేదు. నాకు భయంగా ఉంది.

ఎర్మీనియా

*

మేస్త్రే,
డిసెంబరు 6, 2024

అక్కకి,

నీ ఉత్తరం లొరెదానా చదివింది. నేనివ్వలేదు, కోటు జేబులోంచి తీసింది.  తరవాత సూపు గిన్నె నా ముందు పెట్టి, "నువ్వు పైకి పోయి నీ పేరు కాపాడుకో. వదిన్ని ఇక్కడికి పంపు. పిండి బస్తాల మధ్య ఆడమనిషిని పడుకోబెట్టి నువ్విక్కడ దుప్పటి కప్పుకుంటే నాకు సిగ్గుగా ఉంది," అంది.

సూపు తాగి, అటక మీంచి పెట్టె దించాను. 

కంపెనీవాణ్ణి అడిగాను. గదులన్నీ వాళ్ళకే రాసిచ్చాను కాబట్టి వంటింట్లో పక్క వేసుకోమన్నాడు, అదీ దయతలచి. సొంత ఇంట్లో వంటింటి అద్దెవాణ్ణి. నవ్వాలనిపిస్తే నవ్వుకో. ఉన్న సెలవులన్నీ వాడుకుని ఇరవైన వస్తున్నాను. నా బస్సు పొంతేలో ఆగుతుంది, నువ్వు అదే బస్సులో తిరుగు ప్రయాణం ఎక్కు. మా ఫ్లాటు తాళంచెవి అక్కడ ఇస్తాను. ఇది తిరుగుతుంది.

ఫ్లోరియానో

*

మేస్త్రే,
మార్చి 2, 2025

తమ్ముడికి,

బస్టాపులో నువ్వు నా పెట్టె అందుకుని ఏదో అనబోయి "బాగా సన్నబడ్డావు" అన్నావు. అది చాలులే.

నీ ఫ్లాటు బాగుంది, వెచ్చగా ఉంటుంది. ఏడో అంతస్తు నుంచి రైళ్ళు కనిపిస్తాయి. లొరెదానా మంచి పిల్ల. "వదినా, మీరు కూర్చోండి" అంటూనే నా మొక్కజొన్న పొలెంతాలో ఉప్పు ఎక్కువైందని మొహమ్మీదే చెబుతుంది. సాయంత్రాలు ఇద్దరం పేకాడతాం, మోసం చేస్తుంది. నేను పట్టుకుంటే ఒప్పుకోదు. నువ్వు ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చావో నాకిప్పుడు తెలిసింది.

చర్చివాళ్ళ ఉచిత భోజనశాలలో కూరగాయలు తరగడానికి వెళ్తున్నాను. పని ఉంటే పొద్దు గడుస్తుంది. కానీ నిజం చెప్పాలంటే, ఇక్కడ నేనెవరినో ఎవరికీ తెలియదు. దుకాణంవాడు రోజూ కొత్త మనిషిని చూసినట్టే చూస్తాడు. మన బడి వంటిల్లు మూసేశారని పంతులమ్మ రాసింది. ఆ రాత్రి పేక ముట్టలేదు. రావాలన్నా ఇప్పుడు నాకక్కడ పనీ లేదు, ఇల్లూ లేదు. ఊరు బాగుందా? రాయి.

ఎర్మీనియా

*

వల్‌నేరా,
ఆగస్టు 18, 2025

అక్కకి,

ఊరు బాగుందా అని అడిగావు, జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. 

పొద్దున్న లారీలు, సాయంత్రం లారీలు. దుమ్ముకి ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాలి. రొట్టెలవాడు పనివాళ్ళ భోజనశాలలకే చేస్తున్నాడు, మనకి కావాలంటే ముందురోజు చెప్పాలి. పిల్లలు మిగిలినవాళ్ళు బస్సులో కిందికెళ్ళి చదువుకుంటున్నారు, రోడ్డు మూసిన రోజు బడి లేదు. జ్వరమొస్తే బెల్లూనో. ఆటలు మన ఊరికి పేరు తెస్తాయని నేను మేస్త్రేలో కూర్చుని అందరితో వాదించేవాణ్ణి. తెస్తాయేమో కూడా. పేరు చెప్పుకోడానికి మనుషులే కనబడటం లేదు.

నాకు తోడు సొరిన్ వాళ్ళే. నేను గురక పెడతానని మొదటి వారమే ఫిర్యాదు చేశారు. పన్నెండుమందిలో గురక పెట్టనివాడు ఒక్కడూ లేడు, అయినా నేనే దొరికాను. ఇప్పుడు వంతులవారీగా వండుకుంటున్నాం. పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేది సొరినే. నేను లేచేసరికి వంటిల్లు వెచ్చగా ఉంటుంది.

రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు నువ్వు గుర్తొస్తావు. నేను ఈ ఇంట్లో ఏడాదికి పది రోజులుండేవాణ్ణి, పొగ కోసం. నువ్వు కింద వీధిలో అద్దె గదుల్లో ఏడాదంతా ఉన్నావు. ఊళ్ళో ప్రతివాళ్ళూ నన్నడిగేది నీ గురించే. "ఎర్మీనియా ఎప్పుడొస్తుంది?" అంటారు. నేనిక్కడే ఉన్నానుగా అంటే, "నువ్వున్నావులే," అంటారు.

ఫ్లోరియానో

*

వల్‌నేరా,
నవంబరు 12, 2025

అక్కా,

నిన్న పొగల రోజు. పోస్టు ఆలస్యమవుతుందని ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

మొన్న రాత్రి సొరిన్‌కి చెప్పాను, రేపు పొయ్యి జోలికి వెళ్ళొద్దని. ఎందుకన్నాడు. చెప్పాను. వాళ్ళు పన్నెండుమందీ చన్నీళ్ళతో మొహాలు కడుక్కుని, కాఫీ లేకుండా పనికెళ్ళారు. ఒకడు మాత్రం వాళ్ళ భాషలో నన్ను తిట్టాడు, ఆపాటికి నాకు అర్థమవుతుంది.

బార్తొలో వచ్చాడు. నేను కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏమిట్రా ఇది? ఏడాదంతా పడున్నావు, ఇవాళ అగ్గిపెట్టె దొరకలేదా?" అన్నాడు.

"ఈ పొయ్యి నాది కాదు, మా అక్కది. ఆవిడ వచ్చి వెలిగిస్తుంది. రాస్తే ఆవిడ పేరు రాయి, లేకపోతే కొట్టేయి," అన్నాను.

"నువ్వు ఊళ్ళో ఉండగా ఆవిడ పేరు ఎలా రాస్తాను? నియమం తెలియదా?"

"తెలుసు. ఆవిడ వచ్చిన రోజు నేను ఊళ్ళో ఉండను."

చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఈసారి పైవీధిలో ఇంటివాళ్ళే వెలిగించిన పొయ్యిలు చేతివేళ్ళకి సరిపోయాయట, మిగతావన్నీ అద్దె ఇళ్ళే. ఆఖరికి, "ఆదివారం పూజయ్యాక మళ్ళీ ఈ దారిన వస్తాను. పొగుంటే పొగ, లేకపోతే లేదు," అని వెళ్ళిపోయాడు. వెనకున్న ముసలాళ్ళలో ఒకాయన నా భుజం తట్టి వెళ్ళాడు.

దెనిస్‌కి ఫోను చేసి చెప్పాను. వాడు, "మేనత్త దగ్గరికి ఎండాకాలం పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?" అన్నాడు. ఆవిడ్నే అడగమన్నాను.

పంతులమ్మ అంటోంది, ఆటలయ్యాక పదిమంది పిల్లలు తిరిగొస్తే బడి తెరుస్తారట. వస్తారో రారో నాకు తెలియదు, నీకు ఆశ పెట్టడం లేదు. గదులు మార్చి దాకా సొరిన్ వాళ్ళవే. ఇవ్వడానికి నా దగ్గర వంటిల్లు ఒక్కటే ఉంది. పొయ్యిలో కట్టెలు పేర్చాను, కింద చితుకులు పెట్టాను. నేను పుల్ల గీయలేదు. ఇంట్లో చలి చంపేస్తోంది, తొందరగా రా.

ఫ్లోరియానో

*

మేస్త్రే,
నవంబరు 14, 2025

తమ్ముడికి,

ఈ ఉత్తరం నీకు పోస్టులో రాదు. లొరెదానా నీకు ఫోనులో చెప్పినట్టు, రేపు సాయంత్రం పొంతే బస్టాపులో నా చేత్తో నేనే ఇస్తాను, నువ్వు కిందికొచ్చే బస్సులో చదువుకో. అక్కడ మాట్లాడితే ఇద్దరం ఏడుస్తాం, లేకపోతే అరుచుకుంటాం.

లొరెదానా పొద్దున్నుంచీ నీ కోసం కజున్‌సియెయి చేస్తోంది. లోపల కూరే బీట్‌రూట్‌లో ఉప్పు తక్కువైంది. నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

సొరిన్‌కి నేనే చెబుతాను, ఆదివారం ఒక్కరోజు పొయ్యి నేను వెలిగిస్తానని. సోమవారం నుంచి నాలుగింటికి ఎప్పటిలా అతనే వెలిగించుకోవచ్చు, నేను ఆరింటికి గానీ లేవను.

నీ పక్క నేను తీసెయ్యను. ఆ వంటింట్లో రెండు పక్కలు పడతాయి.

అక్క